వరుసలో ఒక బిందె: సమాజంలో వ్యక్తి గురించి బృందనృత్యాన్ని కూర్చే విధానం

సమాజంలో వ్యక్తి అన్న విషయం మీద బృందనృత్యం కూర్చాలనుకునేవారు సాధారణంగా వ్యక్తితోనే మొదలుపెడతారు. మధ్యలో ఒకరిని నిలబెట్టి, చుట్టూ పదిమందిని చేర్చి, ఆ పదిమంది చేత వేళ్ళు చూపించి, చివరికి ఆ ఒక్కరిని నేలకూల్చడమో వెలుగులోకి నడిపించడమో చేస్తారు. ఇటువంటి కూర్పులను నేను చాలా చూశాను. తొలిరోజుల్లో నేను కూడా చేశాను. వాటిలో గుంపు కనిపిస్తుంది కానీ సమాజం కనిపించదు. సమాజమంటే మనుషుల శరీరాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం. ఎంత దూరంలో నిలబడాలి, ఎవరికి దారి ఇవ్వాలి, ఎవరిని చూసి కళ్ళు దించుకోవాలి, ఏ తాళానికి అడుగు వేయాలి అన్నవన్నీ ఆ ఒప్పందంలోని షరతులు. అందుచేత ముందు కూర్చవలసింది ఆ ఒప్పందాన్ని. అది ప్రేక్షకుడి కంటికీ చెవికీ అలవాటయిన తరువాతనే అందులో ఒక అడుగు తడబడితే దానికి అర్థం ఏర్పడుతుంది.

ఉదాహరణ లేకుండా నృత్య కూర్పును వివరించడం కష్టం కనుక ఒక చిన్న కథను ముందుంచుకుందాం. ఒక చిన్న పట్టణంలో వీధి కుళాయి ఉంది. దానికి తెల్లవారుజామున గంటసేపే నీళ్ళు వస్తాయి కనుక వీధిలోని ఆడవాళ్ళు రాత్రే బిందెలు వరుసలో పెట్టి ఇళ్ళకు వెళ్తారు. మనిషి అక్కడ లేకపోయినా ఆమె బిందె ఉంటే ఆమె చోటు ఉన్నట్టే. బిందె లేనివాళ్ళు ఇటుక పెట్టి వెళ్ళినా ఆ వరుస చెల్లుతుంది. ఆ వీధిలోనే పుట్టి పెరిగి, పెళ్ళయి వెళ్ళి, భర్తను వదిలి పుట్టింటికి తిరిగి వచ్చిన ఒక అమ్మాయి తన బిందెను అందరితోపాటు పెడుతుంది. ఒకనాడు ఎవరో ఆ బిందెను తీసి పక్కన పెడతారు. కథ ఇంతే. కూచిపూడి శిక్షణ పొందిన ఏడుగురు నర్తకులు, ఇరవై నిమిషాల నిడివి, ఒక మృదంగం, ఒక నట్టువాంగం (చేతి తాళాలు వాయిస్తూ అడుగుల లయను పలకడం) దీనికి సరిపోతాయి.

వస్తువును ఒక పనికి కుదించడం

స్వేచ్ఛ, కట్టుబాటు, ఒంటరితనం వంటి మాటలను నేరుగా నర్తించలేము. ఒకరు చేసే పనిని మాత్రమే నర్తించగలము. రవీంద్రనాథ్ ఠాగూరు 1938లో నృత్యనాటకంగా మలచిన చండాలిక మొత్తం ఒక దాహం చుట్టూ తిరుగుతుంది: బౌద్ధ భిక్షువు ఆనందుడు అంటరానిదని వెలివేసిన కులంలో పుట్టిన అమ్మాయిని నీళ్ళు అడుగుతాడు. అదే కథను వెంపటి చినసత్యం గారు కూచిపూడిలో రూపొందించినప్పుడు మన శైలికి అది పరాయిగా అనిపించకపోవడానికి కారణముంది. గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుడి ఎదుట నిలిచి, పుట్టుక గురించి, బ్రాహ్మణత్వం అంటే ఏమిటన్న దాని గురించి వాదించడం ఈ సంప్రదాయంలో అంతకు ముందే ఉంది. సమాజాన్ని ప్రశ్నించే నృత్యం బయటినుంచి తెచ్చుకున్నదని భావించే విద్యార్థులకు నేను మొదట గొల్లకలాపాన్ని పరిచయం చేస్తాను.

పని ఏదో తేలిన తరువాత నాలుగు ప్రశ్నలకు కాగితం మీద సమాధానం రాసుకోవాలి. సమాజం ఆమెను అడుగుతున్నదేమిటి? అడిగినట్టు నడుచుకుంటే ఆమె పోగొట్టుకునేదేమిటి? నడుచుకోకపోతే పోగొట్టుకునేదేమిటి? ఆమె నడుచుకోకపోతే ఆ వీధికి కలిగే భయమేమిటి? చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, గుంపు గుంపుగానే మిగిలిపోవడానికి అదే మూలం. మన కథలో కుళాయి దగ్గరి ప్రతి స్త్రీ తన కాపురంలో ఏదో ఒకటి దిగమింగుకుని సర్దుకున్నదే. తిరిగి వచ్చిన అమ్మాయి ఏమీ మాట్లాడకపోయినా, ఆమె రాక వాళ్ళలో ప్రతి ఒక్కరినీ "మరి నువ్వెందుకు సర్దుకున్నావు?" అని అడుగుతున్నట్టే ఉంటుంది. బిందెను పక్కన పెట్టిన చెయ్యి ద్వేషంతో కాదు, ఆ ప్రశ్నను తట్టుకోలేక ఆ పని చేసింది. అందుకే మిగిలిన ఆరుగురిలో ప్రతి నర్తకీ తన పాత్ర గురించి అర పేజీ రాసుకోవాలి: ఇంట్లో ఎవరున్నారు, పెళ్ళి కావలసిన కూతురు ఉందా, ఈ అమ్మాయితో చిన్నప్పుడు ఆడుకుందా అన్నవి అందులో ఉండాలి. ప్రేక్షకుడికి అవేవీ చెప్పనక్కరలేదు, కానీ నర్తకి వెనక్కి తిరిగే తీరులో అవి తెలుస్తాయి.

దీనితోపాటు కనీసం వారం రోజులు వరుసలు ఉన్న చోట్లకు వెళ్ళి చూడాలి. కుళాయి, రేషన్ దుకాణం, ఆసుపత్రి చీటీల కిటికీ, పెళ్ళి భోజనాల బంతి, ఏదైనా సరే. ముఖాలను కాక పాదాలను, భుజాలను గమనించాలి. తెలిసినవాళ్ళు వచ్చినప్పుడు బరువు ఏ కాలి మీదికి మారుతుంది, ఇష్టం లేని మనిషి దగ్గరికి వస్తే చీర కొంగు ఎలా సర్దుకుంటారు, మాట్లాడకుండానే ఎలా జాగా మూసేస్తారు అన్నవి రాసుకోవాలి. హస్తాల (చేతి ముద్రల) పట్టికలో దొరకని కదలికలు ఇక్కడే దొరుకుతాయి.

ఒప్పందాన్ని కూర్చడం

ఇరవై నిమిషాలలో మొదటి ఆరు నిమిషాలు వ్యక్తి ఎవరో ప్రేక్షకుడికి తెలియకూడదు. ఏడుగురూ ఒకే రకం చీర కట్టుకొని, ఒకే అడుగులు వేస్తూ, ఒకే పని చేస్తూ ఉండాలి. తాళం ఆది: ఒక ఆవర్తానికి, అంటే తాళపు ఒక చుట్టుకు, ఎనిమిది అక్షరాలు (లెక్కలు); ఒక్కో అక్షరం నాలుగు భాగాలుగా సాగే చతురశ్ర నడక. అక్షరానికి ఒక సెకను చొప్పున నడిపితే ఆరు నిమిషాలలో నలభై ఐదు ఆవర్తాలు వస్తాయి. కూర్చేవారికి ఇది చాలా ఎక్కువగా అనిపిస్తుంది, మూడో నిమిషానికే కథ మొదలుపెట్టాలని మనసు తొందరపడుతుంది. ఓపిక పట్టాలి. ప్రేక్షకుడి కాలు తనకు తెలియకుండానే ఎనిమిదికి తట్టడం మొదలుపెట్టాలంటే ఆ సమయం కావాలి. అతడు కూడా ఒప్పందంలో చేరితేనే తరువాత జరిగేది అతడికి తగులుతుంది.

ఈ భాగానికి మూడు నియమాలు చాలు. ఇద్దరి మధ్య దూరం చాచిన చేతి పొడవు. వరుసలో చేరేవారు ఎప్పుడూ ఎడమవైపునుంచి వచ్చి, ఒక ఆవర్తం నిలబడి, ఆ తరువాతనే బిందె దించుతారు. ముందున్నవారు కదిలితే వెనుకవారు నాలుగో అక్షరానికి కదులుతారు. నియమాలు ఇంతకంటే ఎక్కువైతే ప్రేక్షకుడు పట్టుకోలేడు, పట్టుకోలేని నియమం ఉల్లంఘించినా అతడికి తెలియదు.

ఈ నియమాలతోనే విన్యాసాలు మార్చుకోవచ్చు. నాట్యశాస్త్రం బృందం కూడే పద్ధతులను పిండి, శృంఖలిక, లతాబంధం, భేద్యకం అని నాలుగుగా చెప్పింది. గుమిగూడటం, గొలుసుగా కలవడం, తీగల్లా అల్లుకోవడం, విడివడటం అని వాటిని అర్థం చేసుకోవచ్చు. సమాజం గురించిన నృత్యానికి ఈ నాలుగూ కేవలం బొమ్మలు కావు, నాలుగు రకాల బంధుత్వాలు. అరకు లోయలో ధింసా ఆడే స్త్రీలు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు వేసి గొలుసుగా కదులుతారు. అందులో ఒక్కరి అడుగు మారితే ఆ మార్పు గొలుసంతా పాకుతుంది. బతుకమ్మలో అందరి చూపూ మధ్యనున్న పూల మీద ఉంటుంది, చప్పట్లు వలయాన్ని కలిపి ఉంచుతాయి. కోలాటంలో నా కర్రకు ఎదుటివారి కర్ర తగిలితేనే నా దెబ్బ పూర్తవుతుంది. కర్రలతో ఆడే దండరాసకాన్ని జాయప సేనాని 13వ శతాబ్దంలోనే నృత్తరత్నావళిలో వర్ణించాడు.

మన కథకు నేను కోలాటపు సూత్రాన్ని తీసుకుంటాను. కర్రలు లేకుండా అరచేతులతో, బిందె అందించేటప్పుడూ దారి ఇచ్చేటప్పుడూ ఒకరి చెయ్యి మరొకరి చేతికి తగిలేలా మొదటి భాగమంతా కూర్చాలి. తరువాత ఒక ఆవర్తంలో ఆరుగురి చేతులూ యథావిధిగా కలుస్తాయి, ఏడో చేతికి మాత్రం ఎదురు చెయ్యి రాదు. ఆమె అరచెయ్యి గాలిలో ఆగుతుంది. ఎవరి ముఖంలోనూ కోపం లేదు, ఎవరూ వేలు చూపలేదు, అయినా వెలి ఏమిటో సభలోని చివరి వరుసకు కూడా అర్థమవుతుంది.

వ్యక్తిని ఒప్పందంలోనుంచే తీయడం

ఆమెకు వేరే రంగు చీర, వేరే శైలి, వేరే సంగీతం ఇవ్వాలన్న ఆలోచన తప్పక వస్తుంది. అమెరికాలో మార్తా గ్రాహం 1929లో కూర్చిన హెరెటిక్‌లో తెల్లని దుస్తులలో ఒక స్త్రీ, ఎదురుగా గోడలా నిలిచిన నల్లని దుస్తుల స్త్రీల బృందం ఉంటారు. అది కొద్ది నిమిషాల కూర్పు, ఆ తీవ్రతకు ఆ తేడా తగింది. ఇరవై నిమిషాల పాటు మాత్రం అటువంటి విభజన నిలవదు, రెండో నిమిషంలోనే ఎవరి పక్షాన ఉండాలో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. మన కథలోని అమ్మాయి వేరే లోకంనుంచి రాలేదు, ఆ వీధి నడకే ఆమె నడక. కనుక ఆమె కదలికలన్నీ బృందపు అడుగుల నుంచే పుట్టాలి. ఒకసారికి ఒక్క అంశాన్ని మాత్రం మార్చాలి: ఒక అక్షరం ఆలస్యం, సగంలో ఆగిన చెయ్యి, అందరూ కుడికి తిరిగినప్పుడు తిరగాలా వద్దా అన్న క్షణం.

తాళంలో ఈ ఎడబాటును కచ్చితంగా లెక్క కట్టవచ్చు. బిందె పక్కకు జరిగిన క్షణంనుంచి బృందం ఎనిమిదిలోనే ఉంటుంది, ఆమె అడుగు "తకతకిట" అని ఐదులోకి మారుతుంది. ఐదూ ఎనిమిదీ నలభై అక్షరాలకు ఒకసారి కలుస్తాయి. అంటే బృందానికి ఐదు ఆవర్తాలు, ఆమెకు ఎనిమిది జతులు (ఐదక్షరాల అడుగుల గుత్తులు). అక్షరానికి సెకను చొప్పున నలభై సెకన్లకు ఒకసారి సమం మీద, అంటే ఆవర్తపు తొలి అక్షరం మీద, ఏడుగురి పాదాలూ ఒక్కసారిగా నేలను తాకుతాయి, మరుక్షణంలో మళ్ళీ విడిపోతాయి. ఆ ఒక్క అడుగులో ఆమె తిరిగి వీధి మనిషి అయినట్టు అనిపించి, ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకునేలోపే అది జారిపోతుంది. ఎడబాటు కొద్దిగానే చాలనుకుంటే "తకిట" మూడుతో ఇరవైనాలుగు అక్షరాలకే కలయిక వస్తుంది. ఇంకా దూరం కావాలంటే "తకిటతకధిమి" ఏడుతో యాభై ఆరు అక్షరాలు ఆగాలి. నేను ఐదునే ఎంచుకుంటాను, ఎందుకంటే నలభై సెకన్లు మనసు ఎదురుచూడగల దూరం.

సాధనలో ఆ నర్తకి రెండు లెక్కలూ ఒకేసారి వేయబోయి ఇబ్బంది పడుతుంది. ఆమె తన ఎనిమిది జతులను మాత్రమే లెక్కించాలి, బృందాన్ని వినకూడదు. నట్టువాంగపు తాళాలు ఎనిమిదిని మోస్తే మృదంగం ఆమె ఐదును మోయాలి. మొదటి రెండు వారాలు వాద్యాలు లేకుండా, బృందం చేతితో తాళం వేస్తుండగా ఆమె నడుస్తూ చేయడం మంచిది.

మాట, చూపు

కూచిపూడికి వాచికం, అంటే నర్తకి తానే మాట పలకడం, ఉంది, దాన్ని వాడుకోకపోవడం నష్టం. భామాకలాపంలో సత్యభామ తెర వెనుకనుంచి జడ చూపి, ప్రవేశదరువులో (పాత్ర రంగం మీదికి వచ్చే పాటలో) తానెవరో తానే చాటుకుంటుంది. మన నృత్యంలో దానిని తిరగవేయాలి: ఆమె తన పేరు చెప్పుకోదు, వీధి ఆమెను పరిచయం చేస్తుంది. "పెద్దింటి వారి చిన్నమ్మాయి", "మా పిల్లతో చదువుకుంది", "ఫలానా ఊరికి ఇచ్చారు" అని ఒక్కొక్కరు ఒక్కో మాట అంటారు. ఆ తరువాత నృత్యమంతటికీ ఒకే ప్రశ్న మిగలాలి: "ఎన్నాళ్ళుంటావమ్మా?" ఆరుగురూ వేర్వేరు సందర్భాలలో అదే ప్రశ్న వేస్తారు. మొదటిది నిజమైన ఆప్యాయత, రెండోది పలకరింపు, మూడోది కుతూహలం. ఆరోది వచ్చేసరికి మాటల్లో అక్షరం మారకుండానే అది తీర్పు అవుతుంది. గొంతు పెంచి కఠినంగా పలికితే ఈ దృశ్యం చెడిపోతుంది. మన వీధులలో ఆడపిల్లను పంపించేది చాలాసార్లు ప్రేమ నిండిన గొంతే, ఆ సంగతి నర్తకులు నమ్మి పలకాలి.

చూపుల విషయంలో అభినయదర్పణం అనే నాట్య గ్రంథం చెప్పిన ఎనిమిది దృష్టులలో రెండింటిని ఎంచుకోవాలి. తల తిప్పకుండా కంటి కొసనుంచి చూసే సాచి, నేలను చూసే అవలోకితం. ఆరుగురు ఒకేసారి సాచి దృష్టితో చూసి, ఆమె తిరిగేసరికి ఒకేసారి అవలోకితంలోకి మారితే, ఒక సమాజపు ప్రవర్తన మొత్తం రెండు అక్షరాలలో ఇమిడిపోతుంది. సూచీహస్తంతో (చూపుడువేలు చాచిన ముద్రతో) నిందించడం, చెవులు కొరుక్కుంటున్నట్టు నటించడం పూర్తిగా మానాలి.

బిందెలు, గజ్జెలు, నేల

పీనా బౌష్ 1975లో జర్మనీలో కూర్చిన రైట్ ఆఫ్ స్ప్రింగ్‌లో మట్టి పరిచిన వేదిక మీద ఒక ఎర్రని వస్త్రం స్త్రీల చేతులు మారుతుంది. అది చివరికి ఎవరిదవుతుందో వారే బలి. ఒక వస్తువుకు సమాజపు నిర్ణయాన్ని అప్పగించడం ఎంత బలంగా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. మన బిందెలు ఆ పని చేయగలవు, అయితే వాటిని నాట్యపు అలంకారంగా వాడకూడదు. కూచిపూడి అంశమైన తరంగంలో పళ్ళెం అంచుల మీద నిలిచి తలపై నీళ్ళ పాత్రతో ఆడేది ఒక నర్తకి నేర్పును చూపడానికి. ఇక్కడ బిందె ఒక మనిషికి బదులు నిలబడుతుంది కనుక తల మీద పెట్టి ఆడే చమత్కారాలు వద్దు.

స్టీలు బిందె నేలను తాకితే చప్పుడు పెద్దది, దాన్ని తాళంలో కలుపుకోవాలి. వేదిక మీద నిజమైన నీళ్ళు వాడవద్దు. ఒలికిన చోట అడుగు జారి చీలమండ విరిగే ప్రమాదం నిజమైనది. మన కళాక్షేత్రాలలో చాలాచోట్ల వేదిక నేల గట్టిగా ఉంటుంది కనుక ప్రదర్శనకు ముందు ఒకసారైనా అక్కడే సాధన చేసి, ఎగిరే అడుగులను అవసరమైతే తగ్గించుకోవాలి.

గజ్జెల విషయం నాకు చాలా ముఖ్యం. మొదటి భాగంలో ఏడుగురూ గజ్జెలు కట్టుకుంటారు, ఆ శబ్దంలో ఎవరి అడుగు ఎవరిదో తెలియదు. బిందె పక్కకు జరిగిన తరువాత ఆరుగురు తెర వెనుకకు వెళ్ళి గజ్జెలు విప్పి తిరిగి వస్తారు. ఆ వ్యవధిలో వేదిక మీద ఆమె ఒక్కతే ఉంటుంది కనుక ఆ రెండు నిమిషాలు ఆమె ఏకపాత్రాభినయానికి సరిపోతాయి. ఆ తరువాత వీధి నిశ్శబ్దంగా నడుస్తుంది, ఆమె ప్రతి అడుగూ వినిపిస్తుంది. ఎక్కడికి వెళ్ళినా, ఎంత మెల్లగా కదిలినా దాచుకోవడానికి వీలులేని బతుకు అది. వేదిక మీద అందరి ముందు గజ్జెలు విప్పించడం మాత్రం నాకు సమ్మతం కాదు. గజ్జె కట్టడం, విప్పడం పవిత్రంగా భావించే నర్తకులకు అది మనసు నొప్పించే పని.

సాధనలో మనుషులు

వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున పది వారాలు కేటాయించడం మంచిది. ఈ వస్తువుతో పని చేసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఒంటరి పాత్ర వేసే నర్తకి సాధన వెలుపల కూడా ఒంటరి కావడం నేను కళ్ళారా చూశాను: విరామంలో ఆరుగురు ఒకచోట, ఆమె ఒకచోట. అందుచేత మొదటి నాలుగు వారాలలో ఏడుగురూ తలా ఒక రోజు ఆ పాత్ర చేయాలి. గాలిలో ఆగిపోయిన అరచెయ్యి ఎలా ఉంటుందో తెలిసినవారు బృందంలో నిలిచినప్పుడు వారి నిశ్శబ్దానికి బరువు వస్తుంది.

కుళాయి దగ్గర బిందె పక్కన పెట్టడమంటే మన నేల మీద కులం గుర్తుకు రాకుండా ఉండదు. కూర్చేవారు ఆ కారణాన్నే ఎంచుకుంటే దానికి మరింత బాధ్యత కావాలి. ఆ అనుభవం ఉన్నవారు కూర్పులో భాగస్వాములుగా ఉండాలి. ఏ కదలిక అబద్ధమో, ఏది అవమానమో చెప్పే అధికారం వారికి ఉండాలి. డప్పును వాడాలనుకుంటే ఆ విద్య తెలిసిన కళాకారులనే పిలిచి, మృదంగం వాయించేవారికి ఇచ్చే పారితోషికమే ఇచ్చి, వేదిక మీద వారి పక్కనే కూర్చోబెట్టి, కరపత్రంలో పేరు వేయాలి. రికార్డు చేసిన డప్పు చప్పుడును నేపథ్యంగా వాడుకుని సమాజంలో అసమానత గురించి నృత్యం చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నృత్యాన్ని ఎక్కడ ఆపాలి

ఇటువంటి కూర్పులు ఎక్కువగా చావుతోనో క్షమాపణతోనో ముగుస్తాయి. చస్తే ప్రేక్షకుడు కన్నీళ్ళతో బాధ్యత తీర్చుకుంటాడు, క్షమిస్తే చప్పట్లతో తీర్చుకుంటాడు. నేను ఈ రెండింటినీ వదిలి, తాళానికే ముగింపును అప్పగిస్తాను. చివరి మూడు నిమిషాలలో ఆమె తన బిందెను ఎత్తుకొని వేదిక దిగి, ప్రేక్షకుల మధ్య నడవ గుండా వెనుకకు వెళ్తుంది. వేదిక మీద ఆరు బిందెలు, ఆరుగురు స్త్రీలు, ఎనిమిది అక్షరాల నడక యథావిధిగా సాగుతాయి. అయితే వరుసలో ఆమె నిలిచిన చోటును ఎవరూ మూయరు, చాచిన చేతి పొడవుకు రెట్టింపు ఖాళీ అలాగే ఉంటుంది. మృదంగం ఆగుతుంది. ముందునుంచి ఆరుగురి వట్టి పాదాల చప్పుడు ఎనిమిదిలో, సభ వెనుక చీకటిలోనుంచి ఆమె గజ్జెల చప్పుడు ఐదులో వినిపిస్తాయి. నలభై అక్షరాలు పూర్తయి సమం మీద ఆ రెండు చప్పుళ్ళూ ఒక్కటైన క్షణంలో దీపాలు ఆరాలి. అర సెకను ఆలస్యమైనా ఆ కలయిక చెదిరిపోతుంది కనుక దీపాలు చూసే వ్యక్తిని ప్రదర్శన రోజున పిలవడం సరిపోదు; చివరి రెండు వారాల సాధనలో అతడిని కూర్చోబెట్టి, బృందంతోపాటు చేతితో తాళం వేస్తూ ఆ ఐదు ఆవర్తాలను తనంతట తాను లెక్కించేవరకు చేయించాలి.